బోల్టుతో పాటు దాని చరిత్ర కూడా కావాలి

ఝపటాపూర్, ఖరగ్‌పూర్: ఈ ఊళ్లో కాపురం ఉంటే రెండు చప్పుళ్లకు చెవి అలవాటు పడుతుంది. ఒకటి రైలుది, రెండోది విమానానిది. రైలు ఇక్కడి తెలుగువాళ్లకు బతుకుదెరువు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో వర్క్‌షాపు పనికోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చినవాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పటికీ ఇక్కడ తెలుగు మాట్లాడుతున్నారు. ఇక విమానాల చప్పుడు పక్కనే ఉన్న కలైకుండ వైమానిక స్థావరం నుంచి వస్తుంది. ఇదే పశ్చిమ బెంగాల్‌లో, పానాగఢ్‌లో, మన వైమానిక దళానికి చెందిన సి-130జె రవాణా విమానాల స్థావరం కూడా ఉంది.

రైలుకైనా విమానానికైనా తిరగాలంటే స్పేర్ పార్టులు కావాలి. సైనిక రవాణా విమానాల విడిభాగాల గురించి మాట వచ్చినప్పుడల్లా మన దగ్గర ఒకే ప్రశ్న వినిపిస్తుంది. ఇది మన దేశంలో తయారైందా, బయటినుంచి వచ్చిందా? అవసరమైన ప్రశ్నే, కానీ అది ఒక్కటే చాలదు. ఈ భాగం ఎన్నాళ్లు పనిచేస్తుందో మనకు తెలుసా? ఆ సంగతి మనమే పరీక్షించి తేల్చామా, లేక ఎవరో చెబితే నమ్ముతున్నామా? స్వావలంబన అంటే అసలు అర్థం ఈ రెండో ప్రశ్నలోనే ఉందని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి ముందు రైలు ఇరుసు దగ్గరికి వెళ్లాలి.

ఇరుసు నేర్పిన పాఠం

1842 మే 8న ఫ్రాన్స్‌లో వెర్సాయ్ నుంచి పారిస్ వెళ్తున్న రైలు ఇంజను ఇరుసు విరిగింది. పెట్టెలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి, మంటలు అంటుకుని, 50 మందికి పైగా చనిపోయారు. ఆ కాలంలో రైలు ఇరుసులు ఇలా విరగడం ఇంజనీర్లను తికమక పెట్టేది. మోయగలిగిన బరువు కన్నా తక్కువ బరువు కిందే, కొన్నేళ్లు చక్కగా పనిచేశాక, ముందుగా ఏ సూచనా లేకుండా అవి తెగిపోయేవి.

దీని గుట్టు విప్పినవాడు జర్మన్ రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్. 1850ల చివరి నుంచి 1870 దాకా ఆయన ఇరుసులను, లోహపు కడ్డీలను యంత్రాల మీద తిప్పుతూ, వంచుతూ, ఎన్ని సార్లకు విరుగుతాయో లెక్కపెట్టాడు. లోహానికి ఒకేసారి పడే పెద్ద బరువు కన్నా, మళ్లీ మళ్లీ పడే చిన్న బరువు ఎక్కువ ప్రమాదం కావచ్చని తేలింది. ఇంట్లో ఇనుపతీగతో మనం చేసేది కూడా ఇదే. ఒకసారి వంచితే అది తెగదు. అటూ ఇటూ వంచుతూ పోతే తెగుతుంది. శాస్త్రంలో దీన్నే లోహపు అలసట అంటారు.

అలసట కంటికి కనిపించదు. లోహం ఉపరితలం మీద ఒక గీతో, తుప్పు తిన్న చిన్న గుంటో ఉంటే అక్కడ ఒత్తిడి పోగుపడుతుంది. ఆ చోట సన్నని పగులు మొదలై, ప్రతి కుదుపుకూ కొంచెం కొంచెం పెరుగుతుంది. మొదట్లో ఎంతో నెమ్మదిగా, చివర్లో ఎంతో వేగంగా పెరుగుతుంది. అందుకే రైల్వే వర్క్‌షాపుల్లో ఇరుసులను అల్ట్రాసోనిక్ తరంగాలతో పరీక్షిస్తారు. పైకి నున్నగా మెరిసే ఇరుసు లోపల పగులు ఉందో లేదో తరంగమే చెప్పాలి.

విమానానికి ఈ పాఠం ఇంకా కఠినంగా వర్తిస్తుంది. రైలు ఇరుసును లావుగా చేసి కొంత భద్రత కొనుక్కోవచ్చు. విమానంలో ప్రతి కిలో బరువూ లెక్కే కాబట్టి భాగాలను అవసరమైనంత బలంగానే చేస్తారు. దాంతో ప్రతి ముఖ్యమైన భాగానికీ ఒక ఆయుష్షు రాసి ఉంటుంది. కొన్నింటికి అది ఎగిరిన గంటల్లో, కొన్నింటికి దిగిన సార్లలో, రబ్బరు సీళ్లు, గొట్టాల వంటి వాటికి తయారైన తేదీ నుంచి ఏళ్లలో ఉంటుంది. పెట్టెలోంచి తీయకపోయినా రబ్బరు గట్టిపడుతుంది. అంటే విమాన విడిభాగం కొనేటప్పుడు మనం ఒక వస్తువును, దానితో పాటు ఒక అంకెను కొంటున్నాం. ఆ అంకె వెనక ఏళ్ల తరబడి చేసిన పరీక్షలు ఉంటాయి.

ఖరగ్‌పూర్ 1944

ఈ సంగతి ఈ ప్రాంతానికి 80 ఏళ్ల కిందటే అనుభవంలోకి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా 20వ బాంబర్ కమాండ్ ప్రధాన కార్యాలయం ఇక్కడి హిజ్లీలోనే ఉండేది. అంతకుముందు స్వాతంత్ర్య యోధులను నిర్బంధించిన ఆ భవనంలోనే 1951లో మన మొదటి ఐఐటీ మొదలైంది. ఖరగ్‌పూర్, చాకులియా, పియార్‌డోబా, దూధ్‌కుండి రన్‌వేల మీద ఆ రోజుల్లో ప్రపంచంలోకెల్లా అధునాతనమైన బి-29 విమానాలు వాలాయి.

బి-29 బాంబరే అయినా ఇక్కడ దానికి సరుకుల పని కూడా పడింది. చైనాలోని చెంగ్డూ స్థావరాల నుంచి జపాన్ మీద దాడికి వెళ్లాలంటే పెట్రోలు, బాంబులు, ఇతర సామగ్రి ముందుగా హిమాలయాల మీదుగా అక్కడికి చేరాలి. రవాణా విమానాలు చాలక బి-29లనే సరుకు మోయడానికి వాడారు. అంత దూరం, అంత బరువుతో, బెంగాల్ ఎండలో తిరిగిన ఆ విమానాలకు అసలు తలనొప్పి ఇంజను దగ్గర వచ్చింది.

దాని రైట్ ఆర్-3350 ఇంజనులో 18 సిలిండర్లు రెండు వరుసల్లో ఉంటాయి. వెనక వరుసకు చల్లటి గాలి సరిగా అందేది కాదు. 1944 ఏప్రిల్‌లో ఇండియాకు వచ్చే దారిలోనే, కరాచీ దగ్గర వేడికి ఇంజన్లు పాడై కొన్ని విమానాలు కూలాయి. పాడైన ఇంజను తీసి కొత్తది బిగిస్తే సరిపోతుందా? కొత్త ఇంజనులోనూ అదే లోపం ఉంటుంది. గాలిని సిలిండర్ల వైపు మళ్లించే రేకులను, చమురు గొట్టాల అమరికను మార్చాకే కొంత ఊరట దొరికింది.

భాగం ఎందుకు పాడైందో తెలుసుకోకుండా మార్చుకుంటూ పోతే ఖర్చే తప్ప పరిష్కారం దొరకదు. కారణం తెలుసుకోవాలంటే డ్రాయింగులు చేతిలో ఉండాలి, మార్చే అధికారం ఉండాలి. అమెరికాకు ఆ విమానం సొంతది కాబట్టి ఆ రెండూ ఉన్నాయి. మరొకరి విమానం కొనుక్కున్న దేశానికి ఆ రెండూ ఉండాలంటే ఒప్పందంలో రాయించుకోవాలి.

చూపుకు ఒకేలాంటి రెండు బోల్టులు

"ఒక బోల్టు తయారు చేయలేమా?" అని చాలామంది అడుగుతారు. తయారు చేయగలం. కానీ బోల్టు కొలతలు ఒక ఎత్తు, బోల్టు గుణం మరో ఎత్తు.

అత్యంత బలమైన ఉక్కు బోల్టుకు తుప్పు పట్టకుండా క్యాడ్మియం పూత వేస్తారు. విద్యుత్తుతో పూత వేసేటప్పుడు హైడ్రోజన్ పుడుతుంది. దాని పరమాణువులు చాలా చిన్నవి కాబట్టి ఉక్కులోపలికి చొరబడతాయి. అలా చొరబడిన హైడ్రోజన్ ఉక్కును పెళుసుగా మారుస్తుంది. దీన్ని పోగొట్టాలంటే, పూత వేసిన కొద్ది గంటల్లోనే బోల్టును దాదాపు 190 డిగ్రీల సెల్సియస్ వేడిలో చాలా గంటలపాటు ఉంచాలి. ఆ పని చేసిన బోల్టు, చేయని బోల్టు చూపుకు ఒకేలా ఉంటాయి. బరువు ఒకటే, మర ఒకటే, మైక్రోమీటర్ చూపే కొలతా ఒకటే. కానీ బిగించిన తర్వాత కొన్ని గంటలకో, రోజులకో రెండోది ఉన్నట్టుండి పగలవచ్చు.

ఓవెన్‌లో పెట్టారా లేదా అన్నది బోల్టును చూసి చెప్పలేం. దానితో వచ్చిన కాగితం చెప్పాలి. ఆ కాగితం అబద్ధమైతే బోల్టు కూడా అబద్ధమే.

1989 సెప్టెంబరు 8న ఓస్లో నుంచి హాంబర్గ్ వెళ్తున్న పార్ట్‌నెయిర్ సంస్థ కాన్వెయిర్ 580 విమానం డెన్మార్క్ తీరం దగ్గర సముద్రంలో కూలింది. అందులోని 55 మందీ మరణించారు. నిలువు తోకను విమాన శరీరానికి పట్టి ఉంచే బోల్టుల్లో మూడు నాసిరకం నకిలీలని దర్యాప్తులో తేలింది. కొలతకు అవి సరిపోయాయి కాబట్టే ఎవరో వాటిని బిగించగలిగారు.

యుద్ధ విమానం కన్నా రవాణా విమానం గురించి నేను ఎక్కువగా ఆలోచించడానికి కారణం ఇదే. యుద్ధ విమానంలో పైలట్ కూర్చున్న సీటుతో సహా బయటపడే ఏర్పాటు ఉంటుంది. రవాణా విమానంలో వెనక బల్లల మీద కూర్చున్న జవాన్లకు, ఉద్యోగులకు ఆ అవకాశం లేదు.

ఏఎన్-32: డ్రాయింగు ఒక చోట, విమానం ఒక చోట

మన వైమానిక దళానికి నాలుగు దశాబ్దాలుగా వెన్నెముకగా ఉన్న రవాణా విమానం ఏఎన్-32. కీవ్‌లోని ఆంటొనొవ్ సంస్థ రూపొందించిన ఈ విమానం 1984లో మన దళంలో చేరింది. దుమ్ము, రాళ్లు తగలకుండా, పలచని గాలిలోనూ పెద్ద ప్రొపెల్లర్లు తిరిగేందుకు వీలుగా రెండు ఇంజన్లనూ రెక్కల పైభాగాన బిగించడం దీని ప్రత్యేకత. 2008 మే 31న ఇది లద్దాఖ్‌లో 16 వేల అడుగులకు పైన ఉన్న దౌలత్ బేగ్ ఓల్డీలో దిగింది. సియాచిన్ నుంచి అండమాన్ దాకా బియ్యం బస్తాలు, మందులు, మనుషులు ఇందులోనే వెళ్లారు.

తెలుగువాళ్లకు ఈ పేరు ఒక దుఃఖంతో పాటు గుర్తుంది. 2016 జులై 22న చెన్నై తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరిన ఏఎన్-32 బంగాళాఖాతం మీద కనిపించకుండా పోయింది. అందులోని 29 మందిలో 8 మంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. ఏడున్నరేళ్ల తర్వాత, 2024 జనవరిలో, చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ పంపిన మానవరహిత జలాంతర్గామి తీసిన చిత్రాల్లో దాదాపు 3,400 మీటర్ల లోతున దాని శకలాలు కనిపించాయి. ఈ ప్రమాదాన్ని నేను విడిభాగాలకు ముడిపెట్టడం లేదు. ఈ విమానాల్లో ఎలాంటి మనుషులు ప్రయాణిస్తారో, వాళ్ల ఇళ్లలో ఎదురుచూపు ఎంత పొడవుగా ఉంటుందో గుర్తు చేయడానికే చెబుతున్నాను.

ఇక విడిభాగాల సంగతి. 2009లో మన ప్రభుత్వం ఉక్రెయిన్‌తో దాదాపు 40 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. వంద పైచిలుకు ఏఎన్-32లను ఆధునికీకరించి, వాటి ఆయుష్షును 25 ఏళ్ల నుంచి 40 ఏళ్లకు పెంచాలి. 40 విమానాలను ఉక్రెయిన్‌లో, మిగతావాటిని కాన్పూర్‌లోని వైమానిక దళ బేస్ రిపేర్ డిపోలో చేయాలన్నది ప్రణాళిక. 2014లో ఉక్రెయిన్, రష్యాల మధ్య ఘర్షణ మొదలైంది. సోవియట్ కాలంలో ఒకే కర్మాగారాల గొలుసుగా ఉన్న రెండు దేశాలు విడిపోయాయి. ఒక భాగం ఇటు, దాని లోపలి భాగం అటు తయారయ్యే పరిస్థితిలో కాన్పూర్‌కు రావాల్సిన కిట్లు ఆలస్యమయ్యాయి. 2022లో పూర్తి స్థాయి యుద్ధం వచ్చింది. ఏఎన్-32 ఇంజన్లకు ఆధారమైన జపోరిజియా నగరంలోని మోటార్ సిచ్ కర్మాగారం యుద్ధ రంగానికి దగ్గర్లో పడింది. ఆ ఏడాది నవంబరులో ఉక్రెయిన్ ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుంది.

ఇందులో మన తప్పు ఏమీ లేదు అనవచ్చు. యుద్ధం మనం తెచ్చింది కాదు. కానీ 1991లో సోవియట్ యూనియన్ విడిపోయినప్పుడే ఇలాంటి చిక్కు ఒకసారి చూశాం. కాన్పూర్‌లో నేర్పుగల మెకానిక్‌లు ఉన్నారు, హాంగర్లు ఉన్నాయి, విమానాలు ఉన్నాయి. ఏ భాగాన్ని దేనితో మార్చవచ్చో, ఎంతకాలం నమ్మవచ్చో చెప్పే పూర్తి హక్కు మాత్రం ఇంకొకరి దగ్గర ఉంది. 15 ఏళ్ల ఆయుష్షు పెంచుకోవడానికి డబ్బు ఇచ్చాం. ఆ 15 ఏళ్లను లెక్కగట్టే విద్యను కూడా అదే ఒప్పందంలో పూర్తిగా రాబట్టుకోవడం ముఖ్యమని ఇప్పటికైనా గుర్తించాలి.

చిట్టా పోయిన ప్రొపెల్లర్ రెక్క

డ్రాయింగులు, డబ్బు, కర్మాగారం అన్నీ ఉన్న దేశంలోనూ ఒక చిన్న నిర్లక్ష్యం ఏం చేస్తుందో 2017 జులై 10న అమెరికాలో తెలిసింది. మిసిసిపీ రాష్ట్రం మీద ఎగురుతున్న కెసి-130టి విమానం గాలిలోనే ముక్కలైంది. 16 మంది సైనికులు చనిపోయారు. రెండో నంబరు ఇంజను ప్రొపెల్లర్ రెక్క ఒకటి ఊడి, విమాన శరీరాన్ని చీల్చుకుంటూ పోయింది.

ఆ రెక్క మొదట్లో తుప్పు గుంటలు ఉన్నాయి. అక్కడ మొదలైన పగులు అలసటతో పెరిగి రెక్కను విరిచింది. 2011లో వార్నర్ రాబిన్స్ డిపోలో ఓవర్‌హాల్ చేసినప్పుడే ఆ తుప్పును తొలగించి ఉండాల్సింది. అప్పటికే తుప్పు ఉందని ఎలా తెలిసింది? ఓవర్‌హాల్‌లో వేసిన రక్షణ పూత తుప్పు గుంటల లోపల కూడా కనిపించింది. అంటే పూత వేసేనాటికే ఆ గుంటలు ఉన్నాయి. లోహం తన సాక్ష్యాన్ని ఆరేళ్లు దాచుకుంది. కాగితం మాత్రం దాచుకోలేదు. ఓవర్‌హాల్ పత్రాలను రెండేళ్లకు మించి ఉంచాలన్న నియమం లేకపోవడంతో, ఆ రెక్క మీద పనిచేసింది ఎవరో, ఏ దశలో తనిఖీ తప్పిందో తేల్చలేకపోయారు.

రెక్క ఎగిరినంత కాలం కాగితం బతకలేదు. నా దృష్టిలో ఇది రెక్కలోని పగులంత పెద్ద లోపమే.

ఇంకో ఉదాహరణ ఎలక్ట్రానిక్స్ నుంచి. 2012లో అమెరికా సెనేట్ సాయుధ దళాల కమిటీ ఒక నివేదిక ఇచ్చింది. రక్షణ సరఫరా గొలుసులో దాదాపు 1,800 సందర్భాల్లో నకిలీగా అనుమానించిన ఎలక్ట్రానిక్ భాగాలు దొరికాయని, వాటి సంఖ్య పది లక్షలు దాటుతుందని అందులో ఉంది. సి-130జె విమానాల కాక్‌పిట్ డిస్‌ప్లేల్లోని మెమరీ చిప్‌లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. పారేసిన పాత సర్క్యూట్ బోర్డుల నుంచి చిప్‌లను ఊడదీసి, పై అక్షరాలు చెరిపి, కొత్త నంబర్లు అచ్చేసి అమ్మే వ్యాపారం ఎంత విస్తరించిందో ఆ నివేదిక వివరించింది. ఇంజను పరిస్థితి, ఇంధనం, హెచ్చరికలు చూపే తెర ఆరిపోతే పైలట్‌కు ఎదురయ్యే స్థితి ఊహించుకోవచ్చు. ఇది ప్రపంచంలో అత్యంత ఖరీదైన సైన్యం సంగతి.

ఆదిభట్ల తోకలు, జట్రోఫా నూనె

ఇప్పుడు మన బలం చూద్దాం. హైదరాబాద్ శివార్లలోని ఆదిభట్లలో టాటా, లాక్‌హీడ్ మార్టిన్ సంస్థలు కలిసి 2010లో పెట్టిన సంస్థ సి-130జె విమానాల తోక భాగాలను తయారు చేసి అమెరికాకు పంపుతోంది. ఇంత కచ్చితమైన పనిని తెలుగు నేల మీద, మన ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు, ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివినవాళ్లు చేస్తున్నారు. 2021లో 56 సి-295 రవాణా విమానాల కోసం ఎయిర్‌బస్‌తో కుదిరిన ఒప్పందంలో 40 విమానాలు గుజరాత్‌లోని వడోదరలో తయారవుతాయి. వాటి శరీర భాగాలు హైదరాబాద్‌లోనూ రూపుదిద్దుకుంటున్నాయి. 13 వేలకు పైగా విడి భాగాలు మన దేశంలో చేయాలన్నది ఆ ప్రణాళిక. ప్రత్యేక లోహాలకు హైదరాబాద్‌లోనే మిశ్ర ధాతు నిగమ్ ఉంది. కాబట్టి చేతిపని మనకు రాదనే మాట చెల్లదు.

అయితే ఒక తేడా గమనించాలి. తోక, రెక్క, శరీరం వంటివి తరచుగా మార్చే భాగాలు కావు. రోజువారీగా అరిగేవి ఇంజను లోపలి భాగాలు, చక్రాలు, బ్రేకులు, ల్యాండింగ్ గేర్ సీళ్లు, హైడ్రాలిక్ పంపులు, బేరింగులు. సి-295లో ఇంజన్లు, ల్యాండింగ్ గేర్, ఏవియానిక్స్ వంటి వ్యవస్థలను ఎయిర్‌బస్ తెప్పించి ఇస్తుంది, మనం అమరుస్తాం. కొత్త విమానం బయటికి వచ్చే రోజు ఫొటోలో కనిపించేది మనం చేసిన శరీరం. ఇరవై ఏళ్ల తర్వాత విమానం నేలమీద ఆగిపోయే రోజు వస్తే, దానికి కారణం ఎక్కువగా ఆ ఫొటోలో కనిపించని భాగమే అవుతుంది.

తయారు చేయడం కన్నా రుజువు చేయడం కష్టమని చెప్పే ఉదాహరణ ఏఎన్-32 కథలోనే ఉంది. దెహ్రాదూన్‌లోని భారతీయ పెట్రోలియం సంస్థ జట్రోఫా గింజల నూనె నుంచి విమాన ఇంధనం తీసే పద్ధతికి 2013లోనే పేటెంట్ పొందింది. విమానం మీద పరీక్షించి ధ్రువీకరించే సదుపాయాలు లేక అది ఏళ్ల తరబడి ఆగింది. వైమానిక దళం ముందుకొచ్చాక 2018 డిసెంబరు 17న బెంగళూరులో ఏఎన్-32 పది శాతం జీవ ఇంధనం కలిపి ఎగిరింది. నేలమీద, ఆకాశంలో వరుస పరీక్షల తర్వాత 2019 మేలో సైనిక విమానాల ధ్రువీకరణ సంస్థ సెమిలాక్ ఆమోదం ఇచ్చింది. ఇంధనం చేయడం మనకు ముందే వచ్చు. అది నమ్మదగినదని నిరూపించడానికే ఇన్నేళ్లు పట్టింది. నిరూపించాక మాత్రం ఎవరి అనుమతీ అడగనక్కర్లేకపోయింది.

వచ్చే అభ్యంతరాలు

ఈ వాదనకు గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. మొదటిది లెక్కలది. ఒక రకం విమానాలు వంద ఉంటే, ఒక్కో భాగం ఏడాదికి కొన్ని పదులే కావాలి. కార్లకు లక్షల్లో చేసే కర్మాగారం ఈ చిన్న ఆర్డరు తీసుకోదు. పరీక్షలకే భాగం ధరకన్నా ఎన్నో రెట్లు ఖర్చవుతుంది. కొనుక్కోవడమే చౌక కాదా? మామూలు రోజుల్లో చౌకే. కానీ ధర లెక్కగట్టేటప్పుడు ఆగిపోయిన విమానం ఖర్చును కూడా కలపాలి. భాగం దొరకనప్పుడు ఒక విమానంలోది ఊడదీసి ఇంకోదానికి బిగించడం ప్రపంచంలోని అన్ని దళాలూ చేసే పని. అప్పుడు ఒకే భాగానికి రెండుసార్లు ఊడదీత, రెండుసార్లు బిగింపు. ప్రతిసారీ కొత్తగా గీత పడే, పొరపాటు జరిగే అవకాశం ఉంటుంది. ఈ ఖర్చు ఏ టెండరు కాగితంలోనూ కనిపించదు.

రెండో అభ్యంతరం: ఏఎన్-32 ఎలాగూ పాతబడింది, దానికోసం ఇంత శ్రమ ఎందుకు? విమానం రిటైరవుతుంది, విద్య రిటైరవదు. వోలర్ పరీక్షించిన ఇరుసులు ఏనాడో తుక్కయ్యాయి. ఆయన గీసిన గీతలు ఈ రోజుకీ ప్రతి ఇంజనీరింగ్ పుస్తకంలో ఉన్నాయి. ఏఎన్-32 బ్రేకు సీలును సొంతంగా పరీక్షించి ఆయుష్షు చెప్పగలిగిన ప్రయోగశాల, రేపు సి-295 సీలుకూ చెప్పగలదు.

మూడోది, 3డి ప్రింటింగ్ వచ్చాక ఈ బాధలన్నీ తీరుతాయన్న ఆశ. అది నిజంగా ఉపయోగపడే సాధనం. బ్రాకెట్లు, గాలి గొట్టాలు, తొడుగులు అప్పటికప్పుడు చేసుకోవచ్చు. కానీ లోహపు పొడిని లేజరుతో కరిగించి పొరలుగా పేర్చినప్పుడు లోపల కంటికి కనిపించని బుడగలు మిగలవచ్చు. బుడగ ఉన్నచోట ఒత్తిడి పోగుపడుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది. ప్రింటరు ఆకారాన్ని ఇస్తుంది, ఆయుష్షును ఇవ్వదు. దాన్ని మళ్లీ పరీక్షే తేల్చాలి.

ఏం చేయాలి

మొదటిది, విమానం కొనేటప్పుడే దాని జీవితకాలానికి సరిపడా మరమ్మతు డ్రాయింగులు, లోహాల వివరాలు, పరీక్షల లెక్కలు వాడుకునే హక్కు ఒప్పందంలో రాయించుకోవాలి. కొనేముందు మన చేతిలో బేరం ఉంటుంది. కొన్నాక అమ్మినవాడి చేతిలో ఉంటుంది.

రెండోది, అలసట పరీక్ష యంత్రాలు, లోహ విశ్లేషణ పరికరాలు, ఉష్ణ చికిత్స కొలిమిల తనిఖీ వంటి సదుపాయాలను చిన్న పరిశ్రమలకు అందుబాటు ధరలో తెరవాలి. రక్షణ శాఖ 2020లో సృజన్ పోర్టల్ తెరిచి, దిగుమతి చేసుకుంటున్న భాగాల జాబితాలను పరిశ్రమల ముందు పెట్టడం మంచి పని. అయితే ఎన్ని వస్తువులు స్వదేశీ అయ్యాయన్న సంఖ్యతో పాటు, వాటిలో ఎన్నింటికి మన సొంత ఆయుష్షు పరీక్ష పూర్తయిందన్న సంఖ్య కూడా ప్రకటించాలి. హైదరాబాద్ బాలానగర్‌లోని చిన్న మెషిన్ షాపు బోల్టును చేయగలదు. లక్షల్లో ఖర్చయ్యే పరీక్షను ఒంటరిగా మోయలేదు.

మూడోది, విడిభాగం కాగితాలను ఆ భాగం ఎగిరినంత కాలం, ఆ తర్వాత కొన్నేళ్లు భద్రపరచాలి. ఇది పెద్ద సాంకేతిక సవాలు కాదు, చిన్న నియమం. 16 మంది చనిపోయాక నేర్చుకున్న పాఠాన్ని మనం ఉచితంగా నేర్చుకోవచ్చు.

నాలుగోది, కొంత అసౌకర్యమైనది. మన సైనిక విమాన ప్రమాదాల దర్యాప్తు నివేదికలు సాధారణంగా బయటికి రావు. రహస్యాలు దాచాల్సిందే. కానీ ఒక సీలు ఎందుకు గట్టిపడింది, ఒక బేరింగు ఎందుకు అరిగింది అన్నది శత్రువుకు పనికొచ్చే రహస్యం కాదు, మన విద్యార్థికి పనికొచ్చే పాఠం. కెసి-130టి రెక్క గురించి నేను ఇక్కడ ఇంత వివరంగా రాయగలిగానంటే ఆ నివేదిక బయటపెట్టినందువల్లే. ఖరగ్‌పూర్ ఐఐటీలో లోహశాస్త్రం చదివే విద్యార్థి అమెరికా రెక్క మీద పాఠం చదవగలడు. తన తలమీదుగా ఎగిరే విమానం గురించి చదవలేడు. ఇది మారాలి.

ఐదోది మనుషుల సంగతి. రైల్వే వర్క్‌షాపుల్లో తరతరాలుగా పేరుకున్న తనిఖీ విద్య ఈ దేశానికి పెద్ద ఆస్తి. సుత్తితో తట్టి చక్రం శబ్దం వినడం నుంచి అల్ట్రాసోనిక్ తెర చదవడం దాకా ఆ విద్య పెరిగింది. లోపం వెతికే ఓపిక, అనుమానం వస్తే సంతకం పెట్టకుండా ఆగే ధైర్యం అందులోని ముఖ్యమైన పాఠాలు. మన ఐటీఐల్లో వెల్డింగుకు, టర్నింగుకు ఇచ్చే విలువ కొలతకు, తనిఖీకి కూడా ఇవ్వాలి. మంచి ఇన్‌స్పెక్టర్ వస్తువేదీ తయారు చేయడు కాబట్టి అతని పని పైకి కనిపించదు. అతను లేనప్పుడు ఏం జరుగుతుందో మాత్రం కనిపిస్తుంది.

ఇకమీదట ఏదైనా విమాన భాగం స్వదేశీ అయిందన్న వార్త చదివినప్పుడు సంతోషించండి, సంతోషించాల్సిన విషయమే. దానితో పాటు రెండు ప్రశ్నలు కూడా వేయండి. దీన్ని ఎంతకాలం, ఎన్నిసార్లు పరీక్షించారు? ఆ లెక్క ఎవరి బీరువాలో ఉంది? రెండో ప్రశ్నకు జవాబు "మన బీరువాలో" అని వస్తే ఆ భాగం నిజంగా మనదైనట్టు.